రాతి అడుగున జానెడు చోటు

కలోంగ్ కోట ఎదుట, ఏటి గట్టు మీది శిబిరం
తబౌంగ్ నెల, పున్నమి వెళ్ళిన నాలుగో రోజు

లేబిన్ గ్రామంలో ఉన్న మా అక్క మి న్యున్‌కు, తమ్ముడు లోన్ రాసేది.

అక్కా, నా కాళ్ళు బాగున్నాయి, కళ్ళు బాగున్నాయి. మిగతావి అడగకు.

ఈ కోట ముందు కూర్చుని ఇది నాలుగో నెల. లోపల హంసావతి రాజు తరఫున స్మిం తలోక్ అనేవాడు కోట కాస్తున్నాడు. బయట ఆవా రాజు తరఫున నేను ఆ కోటని చూస్తున్నాను. పట్టుకుంటున్నాను అనలేను, చూస్తున్నాను, అంతే. పొద్దున్నే వాడు గోడ మీదికొచ్చి పళ్ళు తోముకుంటాడు. నేను కింద తోముకుంటాను. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళు చూసుకుని ఉమ్మేసి పనిలో పడతాం.

బియ్యం పంపండి మహాప్రభో అని రాజధానికి మూడు ఉత్తరాలు రాశాను. బదులుగా నాకు బిరుదు వచ్చింది. ఇకమీదట నేను జేయతూర మంత్రినట. బంగారు రేకు మీద చెక్కి, పట్టుగుడ్డలో చుట్టి, నలుగురు మనుషులతో పంపారు. ఆ నలుగురికీ మళ్ళీ నేనే అన్నం పెట్టాను. రేకుని ఉడకబెడితే గంజి రాదు కదా.

మన ఊరి వాళ్ళలో కొందరికి వణుకు జ్వరం తగిలింది. నీడపట్టున, మంచి నీళ్ళున్న చోట పడుకోబెట్టాను. ఇళ్ళలో చెప్పి ఆడవాళ్ళని కంగారు పెట్టకు.

ఈ ఉత్తరంతో పాటు నలభై మంది మనుషుల్ని పంపుతున్నాను. దక్షిణాది మోన్ జాతివాళ్ళు. మన కాలువ పూడిక తీయించు, ఆనకట్ట రాళ్ళు సర్దించు. తిండి తక్కువ చెయ్యకు, చెయ్యి చేసుకోనివ్వకు. వాళ్ళ పెద్ద నాయ్ ఫాన్ అని, కుమ్మరి. కాస్త నోటి దురుసు మనిషి, నీకు సరిజోడు. వాళ్ళని నా సొంత మనుషుల్లా చూసుకో. మిగతా సంగతి ఎదురుపడ్డాక చెబుతాను. ఉత్తరాలు ఆవాలో విప్పి చదివే పెద్దలున్నారు. వాళ్ళకి కూడా నా నమస్కారాలు.

నీ తమ్ముడు
లోన్


లేబిన్ గ్రామం
కసోన్ నెల, పున్నమి మర్నాడు

బంగారు రేకు మీద పేరెక్కిన జేయతూర మంత్రిగారికి, అంటే ముక్కు కారుతుంటే నా పైగుడ్డకి తుడుచుకున్న మా లోన్‌కి, అక్క మి న్యున్ రాసేది.

తమ్ముడూ, లేచి కూర్చుని చదువు! పడుకుని చదివే ఉత్తరం కాదిది.

నీ మనుషులు తగూ నెలలో నీళ్ళ పండగ నాటికి దిగారు. నలభైకి నలభై మందీ క్షేమం. ఆ నాయ్ ఫాన్ దిగీ దిగగానే మన కాలువ మట్టి వేళ్ళతో నలిపి, నాలుక మీద వేసుకుని, "తల్లీ, మీ మట్టికి బుద్ధి లేదు. దీంతో కుండ చేస్తే నీళ్ళు పొయ్యకముందే ఏడుస్తుంది" అన్నాడు. "మా మట్టి కుండల కోసం కాదు, వరి కోసం" అన్నాను. "అయితే వరి ఎందుకింత సన్నగా ఉంది?" అన్నాడు. నవ్వొచ్చింది గాని ముసలాడి ముందు నవ్వలేదు. పని మాత్రం రాక్షసుల్లా చేశారు. పదేళ్ళ పూడిక ఇరవై రోజుల్లో పోయింది.

ఇక అసలు మాట. నువ్వు యుద్ధానికి వెళ్ళి పదకొండేళ్ళు. సంత రోజున అరుగెక్కి నేను జనానికి పంచశీలాలు చెబుతున్నాను. మొదటి శీలం ప్రాణం తియ్యకు అని. అది చెప్పినప్పుడల్లా వెనక వరుసలో ఎవడో ఒకడు "మరి మీ తమ్ముడో?" అంటాడు. మఠంలో పారేసిన చిరుగు తాటాకులు ఏరుకుని, ఏ గురువూ లేకుండా అక్షరం అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్న నా చదువంతా ఆ ఒక్క ప్రశ్న దగ్గర మూగదైపోతోంది. రోజూ భోజనానికి కూర్చుంటే, నువ్వు నరకపు మంటల్లో నిలబడి నన్ను మంచినీళ్ళు అడుగుతున్నట్టు కనిపిస్తావు. కంచం ముందు నుంచి లేచిపోతాను.

అందుకే చేసేశాను. నిన్న పున్నమి. అమ్మ పేర కట్టిన పగోడా ముందు, పెద్ద భిక్షువుగారి ఎదుట, నీ పేర ఆ నలభై మందినీ బుద్ధుడికి దానం ఇచ్చాను. గంట కొట్టించాను. భూమి సాక్షిగా నేలమీద నీళ్ళు ధారపోశాను. ఇక వాళ్ళు, వాళ్ళ పిల్లలు, పిల్లల పిల్లలు, బుద్ధుడి ధర్మం ఈ లోకంలో ఉన్నన్నాళ్ళు పగోడా దాసులు. ఊడుస్తారు, సున్నం కొడతారు, దీపం పెడతారు. నీ ఖాతాలో ఎంత పుణ్యమో ఊహించుకో!

రాయి కూడా నిలబెట్టించాను. పైన దానం సంగతి, నలభై ప్రాణాలని లెక్క, కింద శాపం చెక్కడం అయింది. పేర్లు ఇంకా చెక్కాలి. శాపం నేనే కట్టాను, విను: "ఈ దానంలో ఒక్క ప్రాణాన్ని వెనక్కి తీసుకున్నవాడు రాజైనా, మంత్రియైనా, సేనానియైనా, నా తోడబుట్టినవాడైనా, అడుగునున్న నరకంలో పడి, పైకి చూసే వీల్లేకుండా కాలుగాక." ఎలా ఉంది? చెక్కేవాడు తా బో ఉలి పక్కన పెట్టి మూడుసార్లు దణ్ణం పెట్టుకున్నాడు.

ఊరంతా "సాధు, సాధు" అంది. నువ్వూ అను.

నీ అక్క


ఆవా, తూర్పు గుమ్మం పక్క ఇల్లు
కసోన్ నెల, అమావాస్యకి మూడు రోజుల ముందు

అక్కా,

సాధు అనను.

ఈ ఉత్తరం నా పడవవాడి తలపాగాలో వస్తోంది. చదివి పొయ్యిలో పెట్టు.

ఆ నలభై మంది బానిసలు కారు, చెరపట్టిన వాళ్ళూ కారు. తాకట్టు మనుషులు. మన ఊరి సిపాయిల్లో నలభై మందికి జ్వరం ముదిరి పడవ ఎక్కే స్థితి లేకపోతే, నేను ఒంటరిగా గోడ కిందికి వెళ్ళి స్మిం తలోక్‌ని కేకేశాను. "నా దగ్గర మందు లేదు, బియ్యం లేదు. నీ దగ్గర రెండూ ఉన్నాయి. నా రోగుల్ని చూసుకో, నేను ముట్టడి ఎత్తేసి పోతాను" అన్నాను. వాడు గోడ మీంచి కిందికి వంగి, "నువ్వు మాట తప్పితే?" అన్నాడు. "నీ మనుషులు నలభై మందిని నాకివ్వు, నా మనుషులు నలభై మందిని నువ్వుంచుకో. వాసో పున్నమి నాటికి, భిక్షువులు వర్షావాసంలోకి వెళ్ళే రోజున, నీవాళ్ళు నీ గుమ్మంలో దిగుతారు, నావాళ్ళు పడవెక్కుతారు" అన్నాను. వెండి గిన్నెలో నీళ్ళు పోసి, వాడి కత్తీ నా కత్తీ ముంచి, ఇద్దరం తాగాం. ఆ నీళ్ళు తాగి మాట తప్పితే అవే కత్తులై పేగులు కోస్తాయి. నీకు నేను చెప్పాలా?

ఆవాలో తెలిస్తే ఆ నలభై మందినీ ఏనుగుల సాలలో చాకిరీకి తోలేస్తారని నీ దగ్గర దాచాను. కాలువ పనివాళ్ళని పేరు పెట్టాను. నువ్వేమో గంట కొట్టి, భూమిని లేపి మరీ సాక్ష్యం పెట్టావు!

ఇంకో సంగతి విను. నిన్న కొలువులో ధాన్యాగారం మంత్రి లేచి, నాకు మూడుసార్లు బియ్యం ఎగ్గొట్టిన ఆ మహానుభావుడు, చేతులు జోడించి, "ప్రభూ, జేయతూరగారి అక్కగారు ఆయన కత్తి చేసినదంతా నీళ్ళతో కడిగేశారట, నలభై మందిని పగోడాకి ఇచ్చారట" అన్నాడు. రాజుగారు నా వైపు తిరిగి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. "ఆ పుణ్యంలో నాకూ వాటా ఇవ్వు జేయతూరా" అన్నారు. ఏమంటాను? "తీసుకోండి ప్రభూ" అన్నాను. రాజుగారు "సాధు" అన్నారు. కొలువంతా మూడుసార్లు "సాధు" అంది. ఇప్పుడు నేను వాళ్ళని వెనక్కి తీసుకుంటే బుద్ధుడి సొత్తే కాదు, రాజు పుణ్యం కూడా దొంగిలించినవాణ్ణి.

పదకొండేళ్ళలో నేను నా అంతట నేను చేసిన మంచిపని ఇదొక్కటే. దాన్నీ నువ్వు పుణ్యం చేసి పెట్టావు.

"నా తోడబుట్టినవాడైనా" అని చెక్కించావా? ఏం, ముందే తెలుసా?

లోన్


లేబిన్ గ్రామం
నయోన్ నెల, విదియ

లోన్,

తిట్టు. ఇంకా తిట్టు. కాని ముందు నా మాట విను.

నువ్వు చెప్పలేదు! ఉత్తరం నిండా బంగారు రేకూ పళ్ళు తోముకోవడమూ రాశావు గాని, "అక్కా, వీళ్ళు నావాళ్ళు కారు, అప్పగింత" అని రెండు ముక్కలు రాయలేకపోయావు. నా సొంత మనుషుల్లా చూసుకో అన్నావు. సొంతమైతే దానం ఇవ్వొచ్చు. ఆవా పెద్దలకి భయపడి నాకు అబద్ధం రాశావు. నాలుగో శీలం తప్పావు.

సరే, తిట్టడం అయింది. ఇప్పుడు నా సంగతి. నీ ఉత్తరం చదివి తాటాకులు ముందేసుకుని కూర్చున్నాను. దానం గురించి ఉన్న చోట్లన్నీ వెతికాను. ఒకే మాట తగులుతోంది: ఇచ్చే వస్తువు ఇచ్చేవాడిదై ఉండాలి. తనది కానిది ఇస్తే దాని పేరు దానం కాదు. రెండో శీలం, నాయనా. దొంగతనం. సంత అరుగెక్కి వెయ్యిసార్లు చెప్పిన శీలం కాలికి అడ్డం తగిలి బోర్లా పడ్డాను. తెలియక చేసిందే అంటావేమో. తెలుసుకోకుండా చేశాను, అది వేరు. నలభై మందిలో ఒక్కణ్ణయినా "నువ్వెవరు నాయనా?" అని అడిగానా? అడగలేదు. పుణ్యం తొందర.

అయితే దానం చెల్లదు, వాళ్ళని పంపేద్దాం అని పెద్ద భిక్షువు దగ్గరికి పరిగెత్తాను. ఆయన ఊరబెట్టిన తేయాకు నములుతూ, "నీళ్ళు నేలమీద పడ్డాయా?" అన్నారు. "పడ్డాయి" అన్నాను. "నేల తాగిందా?" "తాగింది." "ఉపాసికా, నువ్వు చెప్పేది న్యాయమే. కాని నేల కక్కదు" అన్నారు. కళ్ళు మూసుకున్నారు. ధ్యానంలో పడ్డారు.

కాలువ గట్టుకెళ్ళి నాయ్ ఫాన్‌తో, "తాతా, పొరపాటయింది, మీరంతా పడవెక్కండి" అన్నాను. గెంతులేస్తాడనుకున్నాను. ముసలాడు పార కింద పెట్టి, "తల్లీ, ఆ రోజు గంట కొడుతుంటే నేను పక్కనే ఉన్నాను" అన్నాడు.

"మరి నోరు విప్పలేదేం?"

"మేం తాకట్టు వాళ్ళమని ఎక్కడా అనొద్దని మీ తమ్ముడు ఒట్టేయించుకున్నాడు. ఆయన మనసు మారిందనుకున్నా. ఇప్పుడు నేను బుద్ధుడి సొత్తుని. ఇక్కణ్ణించి పోతే నన్ను నేను దొంగిలించినట్టు. ఈ వయసులో నాకెందుకమ్మా ఆ పాపం?"

"మీ ఇంటికి పో తాతా! నీ కోడళ్ళు, మనవలు!"

"వాళ్ళ కోసం ఏడుస్తున్నాగా. ఏడుపు వేరు, దొంగతనం వేరు."

నలభై మందిదీ అదే మాట. నేను నరకం గురించి మాట్లాడితే మన ఊళ్ళో ఒక్కడూ వినడు. వీళ్ళు మాత్రం చక్కగా విన్నారు. పడవవాళ్ళు కూడా రామన్నారు. "నువ్వు కట్టిన శాపం అక్కా, మాకు పూర్తిగా అర్థమైంది" అన్నారు. ఇంత బాగా ఎందుకు కట్టానురా!

తల బాదుకుంటున్నాను.

న్యున్


ఆవా
నయోన్ నెల, ఏకాదశి

అక్కా,

నీ తాటాకులకో దణ్ణం. నాకు రోజులు కావాలి, శ్లోకాలు కాదు.

లేబిన్ నుంచి కలోంగ్‌కి ప్రవాహంతో పాటు పోతే పదమూడు రోజులు. ఏరు పొంగితే చెప్పలేను. ఈ అమావాస్య దాటకుండా వాళ్ళు పడవెక్కాలి. ఎక్కకపోతే వాసో పున్నమి మర్నాడు తలోక్ మన నలభై మందినీ గోడ మీద నిలబెడతాడు. వాడు చెడ్డవాడు కాదు. ప్రమాణ జలం తాగినవాడు, అందుకే చేస్తాడు.

నేనే వద్దామని సెలవు అడిగాను. ఇవ్వలేదు. ఏనుగుల దంతాలకి పూత పూసే ఉత్సవం చూడాలట. మూడు రోజులుగా దంతాలు చూస్తున్నాను.

పడవలకి నా ముద్ర పంపుతున్నాను. దారిలో ఏ ఠాణా ఆపదు. ముద్ర వరకే నా చేతిలో ఉంది. మిగతాది నీ నోటితో చెయ్యి. ఆ నోటితోనే కదా ఇంతవరకు తెచ్చావు.

కోటలో ఉన్న మన నలభై మంది పేర్లూ నాకు వచ్చు. వాళ్ళని ఇళ్ళ దగ్గర్నుంచి నేనే పిలుచుకుపోయాను.

లోన్


లేబిన్ గ్రామం
నయోన్ నెల, అమావాస్య

లోన్,

పడవలు వెళ్ళాయి. ముందా మాట రాసేశాను, ఊపిరి తీసుకో. ఎలా వెళ్ళాయో ఇప్పుడు విను.

నీ ఉత్తరం అందాక ఇక దాచలేకపోయాను. సంత రోజున అరుగెక్కాను. శీలాలు చెప్పలేదు. "అమ్మల్లారా, మీ మగవాళ్ళు చల్లగా నీడపట్టున లేరు. శత్రువు కోటలో తాకట్టున్నారు. వాళ్ళని విడిపించే నలభై మందిని నేను పుణ్యం కోసం పగోడాకి ఇచ్చేశాను. నేను దొంగని" అన్నాను.

బేరాలు వదిలేసి అందరూ అరుగు చుట్టూ చేరారు. తర్వాత మి ఫ్వే, మన ఫో సోన్ పెళ్ళాం, నువ్వెరుగుదువు, ఊరబెట్టిన చేపల ముద్ద, న్గపి, అమ్మే బుట్ట అలాగే కింద పడేసి నా ముందుకొచ్చింది.

"న్యున్ అక్కా, నువ్వు రోజూ మాకు కోపం పాపమని చెబుతావు కదా?"

"చెబుతాను."

"ఇవాళ్టికి ఆ ఒక్కటి పక్కన పెట్టు."

అని నన్ను నోటికొచ్చినట్టు తిట్టింది. ఆ తిట్లు ఇక్కడ రాయను, తాటాకు పాడవుతుంది. మిగతావాళ్ళూ అందుకున్నారు. నేను నిలబడ్డాను. అందరికీ గొంతులు పోయాక అన్నాను: "రాతి మీద నలభై ప్రాణాలని ఉంది. పేర్లు ఇంకా చెక్కలేదు. ఆ మోన్‌ల బదులు మనలో నలభై మంది ఉంటే లెక్క తగ్గదు, దానం తగ్గదు, శాపం ఎవరి మీదా పడదు. మొదటి పేరు నాది. ఇంకా ముప్ఫై తొమ్మిది కావాలి."

పగోడా దాసి అంటే ఏమిటో వాళ్ళకి తెలుసు. ఎగువ ఊరి వాళ్ళు దాసుల చేతి నీళ్ళు తాగరు. పిల్లలకి సంబంధాలు రావు. మనుషులు పగోడాకి మొక్కి, పగోడా ఊడ్చేవాళ్ళని చూసి పక్కకి తప్పుకుంటారు. అది మన ధర్మం చేసిన సిగ్గుమాలిన పని, దాని మీద ఇంకెప్పుడైనా అరుగెక్కుతాను.

మి ఫ్వే తలెత్తింది. "ఎగువ ఊరి వాళ్ళు ఇప్పుడు మాకేం పోస్తున్నారు గనక?" అంది. మళ్ళీ నా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "అక్కా, పగోడా రాతి మీద ఇంట్లో ఒకరి పేరు పడితే ఆ ఇల్లు రాజుగారి సిపాయి పట్టీలోంచి పోతుందా?" అని అడిగింది.

"పోతుంది. బుద్ధుడి ఇంటిమీద రాజుకి అధికారం లేదు."

"అంటే మా ఆయన్ని మళ్ళీ యుద్ధానికి పిలవరా?"

"పిలవకూడదు."

"మరి ఇంతసేపు నన్నెందుకు తిట్టనిచ్చావు? రెండో పేరు నాది రాయి."

లోన్, పొద్దు వాలేలోగా ముప్ఫై తొమ్మిది నిండాయి. పెళ్ళాలు, తల్లులు, అక్కచెల్లెళ్ళు. పెద్ద భిక్షువు వచ్చి, "లెక్క తగ్గలేదు కదా" అని మాత్రం అన్నారు. నాయ్ ఫాన్ ఒప్పుకోవడానికి ఇంకొంచెం సేపు పట్టింది. "ఊరికే పేరు చెబితే చాలదు. ఒక్కొక్క మనిషి ఎదుట ఒక్కొక్క మనిషి నిలబడాలి" అన్నాడు. నిలబడ్డాం. అతని ఎదుట నేను. కూజాలో నీళ్ళు నా పాదాల మీద నేనే పోసుకున్నాను. గంట కొట్టారు. ముసలాడు నా కాళ్ళ దగ్గర తడిసిన మట్టి తీసుకుని నలిపి, "ఇప్పుడు కాస్త బుద్ధొచ్చింది" అన్నాడు. మట్టి సంగతే అన్నాడో ఏమో.

శాపానికి జడిసి పడవవాళ్ళు ఇంకా అటూ ఇటూ చూస్తుంటే, మోన్‌లే తెడ్లు పట్టుకున్నారు. నీ ముద్ర ముందు పడవకి కట్టాను.

తా బో ఇవాళ నుంచి పేర్లు చెక్కుతున్నాడు. నలభై అయ్యాక రాతి అడుగున జానెడు చోటు మిగులుతుంది, తామర పువ్వు చెక్కనా అని అడిగాడు. ఇప్పుడే వద్దన్నాను. అలంకారాల జోలికి ప్రస్తుతం పోదలచుకోలేదు.

అక్క


ఆవా
తౌతలిన్ నెల, పున్నమి

అక్కా,

వచ్చారు. నిన్న రేవులో నేనే ఎదురెళ్ళాను. ముప్ఫై ఏడుగురు. ముగ్గురు మనవాళ్ళు పడవలు చేరక ముందే జ్వరంతో పోయారు. పేర్లు విడిగా రాసి పంపుతున్నాను, ఆ ఇళ్ళకి నువ్వే వెళ్ళి చెప్పు. తలోక్ వాళ్ళకి తన సొంత గుడ్డలు కప్పి, భిక్షువుల్ని పిలిచి దహనం చేయించాడట.

మోన్‌లు పున్నమికి ఒక రోజు ముందు దిగారట. ఫో సోన్ చెప్పాడు. ఎముకల గూడులా ఉన్నాడు గాని నోరు తగ్గలేదు. "అయ్యా, మా ఆవిడ పగోడా దాసి అయిందటగా? ఇంతకాలం సొంతంగా అరిచేది. ఇక బుద్ధుడి తరఫున అరుస్తుందన్నమాట" అన్నాడు. నవ్వుతూ ఏడ్చాడు.

నాకు తలోక్ ఒక మాట పంపాడు: "ఆ నీళ్ళు ఇంకా కడుపులోనే ఉన్నాయి." అంతే.

ఇక ఇక్కడి సంగతి. లేబిన్‌లో నలభై ఇళ్ళు సిపాయి పట్టీలోంచి పోయాయని రాజుగారికి తెలిసింది. అంటే నా దళంలో సగం. ధాన్యాగారం మంత్రి మొత్తం కథ తవ్వి తీశాడు. నన్ను పిలిపించారు.

"దానం చెడలేదు కదా?" అన్నారు రాజుగారు ముందు. తన వాటా గురించి.

"లేదు ప్రభూ. నలభైకి నలభై ఉన్నాయి."

"మంచిది. ఆ తలోక్‌కి నీ మీద నమ్మకం ఉందన్నమాట."

"ఉంది ప్రభూ."

"నువ్వు పిలిస్తే గుమ్మం తెరుస్తాడు."

నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

"దీపాల పండగ కాగానే మిగిలిన దళంతో కలోంగ్ వెళ్ళు. పిలువు. తెరిచినప్పుడు లోపలికి నడు. అప్పుడీ నలభై ఇళ్ళ సంగతి మేం మరిచిపోతాం."

ధాన్యాగారం మంత్రి మొహం చూడాలి నువ్వు. ఈసారి బియ్యం కూడా ఇస్తాడట! నాలుగు నెలలు అడిగితే ఇవ్వని బియ్యం, ద్రోహానికైతే ముందే కొలిచి బస్తాల్లో పెట్టాడు.

జవాబు చెప్పడానికి ఏడు రోజులిచ్చారు. వెళ్ళనంటే నా తల పోతుంది, అదొక లెక్క కాదు. నా బదులు ఇంకొకణ్ణి నా ముద్ర ఇచ్చి పంపుతారు, అదీ నా భయం. నా ముద్ర చూసి తలోక్ గుమ్మం తెరుస్తాడు. రాజు మంత్రిగా నేను బతికున్నా చచ్చినా ఆ ముద్ర రాజుదే. అది చెల్లకుండా పోవాలంటే, దాన్ని మోసినవాడు రాజు మనిషి కాకుండా పోవాలి. అది దేశమంతా తెలియాలి. కలోంగ్‌కి మరీ తెలియాలి.

పదకొండేళ్ళుగా సెలవు అడుగుతున్నాను. ఇవ్వలేదు. ఇక సెలవు అడగదలచుకోలేదు.

అక్కా, ఆ అడుగున తామర పువ్వు చెక్కించేశావా?

లోన్


లేబిన్ గ్రామం
తౌతలిన్ నెల, పున్నమి వెళ్ళిన మూడో రోజు

తమ్ముడూ,

చెక్కించలేదు. జానెడు అలాగే ఉంది.

ఆ మూడిళ్ళకీ వెళ్ళొచ్చాను. ఏమీ బోధించలేదు. పక్కన కూర్చున్నాను.

నీ ఉత్తరం తెచ్చినవాణ్ణే ఏట్లోకి దింపి కలోంగ్ పంపాను, నాయ్ ఫాన్ పేర నా చేతిరాతతో. "జేయతూర అనేవాడు ఇక లేడు, ఆ ముద్ర ఎవరు తెచ్చినా గుమ్మం తియ్యొద్దు" అని రాశాను. ముసలాడు నన్ను నమ్ముతాడు. నా పాదాల మట్టి చూశాడు కదా.

పైన నలభై అని చెక్కి ఉంది, నలభై ఒకటైతే ఎలా అని తా బో గొణిగాడు. రాయి తక్కువ చెప్పింది గాని అబద్ధం చెప్పలేదన్నాను. రెండు రాత్రులుగా నా శాపం నేనే మళ్ళీ మళ్ళీ చదువుకుంటున్నాను. రాజైనా అని మొదట పెట్టాను. ఆ మాట ఎందుకు పెట్టానో ఇన్నాళ్ళకి తెలిసింది. పైగా ఆయన నోటితో ఆయనే సాధు అన్న దానం అది. ముట్టుకోమను చూద్దాం.

ఇక్కడ నీకు గొడుగు పట్టేవాళ్ళుండరు. పొద్దున్నే ఊడవాలి. మి ఫ్వే పక్కన ఊడవాలి, అది ఇంకా కష్టం. ఎగువ ఊరి వాళ్ళు నిన్ను చూసి పక్కకి తప్పుకుంటారు.

బంగారు రేకు అక్కడే వదిలేసి రా. అంత పొడుగు పేరు ఈ జానెడులో పట్టదు. లోన్ అని పడుతుంది.

కూజా నింపి పెట్టాను.

అక్క